తోటి గురువుకు గురువెవరు?

విద్యార్థికి గురువు అవసరమని చెప్పడానికి ఎవరూ వ్యాసం వ్రాయనక్కరలేదు. మన సంప్రదాయం గురువును దైవంతో సమానంగా నిలిపినది. ఉర్దూ కవితాలోకంలోనైతే ఉస్తాదు వద్ద ‘ఇస్లాహ్’, అనగా దిద్దుబాటు, పొందిన తరువాతనే షాగిర్దు తన గజల్‌ను నలుగురి ముందు చదవడం మర్యాదగా ఉండేది. అయితే ఆ గురువుకు గురువెవరు? నిన్నటి వరకు విద్యార్థిగా ఉండి, నేడు నియామకపు ఉత్తర్వు చేతబట్టుకొని కళాశాల మెట్లెక్కిన యువ అధ్యాపకునికి దారి చూపవలసిన వారెవరు? ఆతని వంశంలో అంతకు పూర్వం కళాశాల గడప తొక్కిన వారే లేనప్పుడు, ఆతడు దళితుడో, గిరిజనుడో, ముస్లిమో, మత్స్యకార కుటుంబీకుడో అయినప్పుడు ఆ బాధ్యత ఎవరిది? ఈ ప్రశ్న మన విద్యాలయాలలో తగినంతగా చర్చకు రాలేదని నా అభిప్రాయం. అందుచేత నాకు తోచిన నాలుగు మాటలు ఈ వార్షిక సంచిక ద్వారా విజ్ఞుల ముందు ఉంచుతున్నాను.

నేను పుట్టి పెరిగినది కళింగపట్నంలో. వంశధార సముద్రంలో కలిసే చోటు అది. ఒకప్పుడు ఓడలు లంగరు వేసిన రేవు. ఆ వైభవం గతించి చాలా కాలమైనా దీపస్తంభం మాత్రం ఊరికి గుర్తుగా నిలిచి ఉన్నది. బాల్యంలో ఆ దీపస్తంభాన్ని చూసి, సముద్రంపై పోయేవారికి దానికి మించిన ఆసరా లేదనుకొనేవాణ్ణి. పెద్దవాణ్ణయిన తరువాత వేటకు పోయే వారితో మాట్లాడినప్పుడు తెలిసినది, నా ఊహ సగమే నిజమని. దీపస్తంభం దూరాన ఉన్నవానికి ‘ఒడ్డు ఇక్కడ ఉన్నది’ అని మాత్రమే చెప్పగలదు. ఇసుకమేట ఏ పక్కకు జరిగినది, కెరటం ఎక్కడ విరుగుతున్నది, పడవను ఏ క్షణాన ముందుకు తోయవలెను అనే సంగతులు చెప్పేవాడు తండేలు. తండేలు పడవలోనే ఉంటాడు. కొత్తగా వచ్చిన కుర్రవానికి పక్కనే నిలబడి పని నేర్పుతాడు. పడవ మునిగితే తానూ మునుగుతాడు. ఆ విద్య ఏ గ్రంథంలోనూ లేదు. ఒకరి పక్కన ఒకరు కూర్చొని నేర్చుకోవలసినదే.

మన విద్యాలయాలలో దీపస్తంభాలకు కొదవ లేదు. నిబంధనల పుస్తకాలున్నవి, సర్క్యులర్లున్నవి, ఓరియెంటేషన్ కోర్సులున్నవి, సభలలో ఉపన్యసించే పెద్దలున్నారు. కొరవడినది తండేళ్లు.

కళాశాల జీవితంలో వ్రాతలో ఉన్న విషయాల కంటె వ్రాతలో లేని విషయాలే ఎక్కువ. పరిశోధనకు ఏ ఆచార్యుని ఆశ్రయించవలెను, వ్యాసాన్ని ఏ పత్రికకు పంపవలెను, ఏ పత్రిక డబ్బు గుంజే బూటకపు పత్రిక, నిధులకు దరఖాస్తు ఎట్లు వ్రాయవలెను, పదోన్నతికి ఏ కాగితం ఏ సంవత్సరం నుండి భద్రపరచవలెను, ప్రిన్సిపాలుతో భిన్నాభిప్రాయాన్ని ఏ మాటలలో చెప్పవలెను? ఇవన్నీ నోటిమాటగా నడిచే విద్యలు. తండ్రో, మేనమామో ఆచార్యుడైన ఇంట ఈ విద్య భోజనాల వేళ ఉచితంగా అబ్బుతుంది. కూలి చేసిన ఇంట, వల అల్లిన ఇంట, పోడు కొట్టిన ఇంట అది దొరకదు. ఒకే రోజున ఒకే జీతంతో చేరిన ఇద్దరు అధ్యాపకులు పదేళ్ల తరువాత రెండు వేర్వేరు మెట్లపై కనిపించడానికి తెలివిలో భేదమే కారణమని తేల్చడం తొందరపాటు. ఒకనికి తండేలు దొరికినాడు, ఒకనికి దొరకలేదు.

ఈ మాటకు మన ఉత్తరాంధ్ర చరిత్రలోనే సాక్ష్యాలున్నవి. విజయనగరం మహారాజా కళాశాలలో చదువుకొనే రోజులలో గురజాడ అప్పారావు గారికి వసతి, భోజనం ఇచ్చి ఆదుకొన్నవారు ఆ కళాశాల ప్రిన్సిపాలు చంద్రశేఖర శాస్త్రి గారు. 1882లో మెట్రిక్యులేషను, 1884లో ఎఫ్.ఏ. పూర్తి చేసిన ఆ విద్యార్థి తరువాత అదే కళాశాలలో అధ్యాపకుడైనాడు. ‘కన్యాశుల్కం’ వ్రాసిన చేయి ఒక గురువు ఇంటి అన్నం తిన్న చేయి. ప్రతిభ ఉంటే ఎవరి సాయమూ అక్కరలేదని వాదించేవారు ఈ సంగతిని గుర్తుంచుకోవాలి. గురజాడ అంతటివానికే ఒక ఇల్లు అవసరమైనది. అయితే మరొక ప్రశ్న కూడా వేసుకోక తప్పదు. ఆ కాలంలో అదే ప్రతిభ గల ఒక మాల, మాదిగ బాలునికి, ఒక సవర బాలునికి అట్టి ఇంటి తలుపు తెరుచుకొనేదా? ఆ గురువును తప్పుపట్టడానికి ఈ ప్రశ్న వేయడం లేదు. ఆశ్రయం అనేది వ్యక్తి ఔదార్యం మీద, ఆచారం మీద ఆధారపడి ఉన్నంతకాలం అది కొందరి ముంగిటనే ఆగిపోతుందని చెప్పడానికే వేస్తున్నాను.

అదే విజయనగరంలో 1919లో సంగీత కళాశాల వెలసినది. దానికి ప్రథమాధ్యక్షులు హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసు గారు. ఇరవై ఆరేళ్ల యువకుడు, చూపు మందగించినవాడు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడకు విద్యార్థిగా చేరడానికి వచ్చినారనీ, ఆయన వాయులీనం విన్న తరువాత విద్యార్థిగా గాక ఆచార్యునిగానే నియమించినారనీ చెబుతారు. ఆ తరువాత పదిహేడేళ్లు ఆ ఇద్దరూ ఒకే విద్యాలయంలో పనిచేసినారు. 1936లో నారాయణదాసు గారి అనంతరం ఆ పీఠం ద్వారం వారికే దక్కినది. వాద్యమూ వేరు, కులమూ వేరు. అయినను పెద్దవాడు చిన్నవానిని తన నీడగా ఉంచుకోలేదు. తనతో సమానంగా ఎదగనిచ్చినాడు. సమతతో కూడిన మార్గదర్శకత్వానికి ఇంతకంటె చేరువలో ఉన్న ఉదాహరణ నాకు తెలియదు.

మరొకటి వాల్తేరుది. 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు 1931 నుండి 1936 వరకు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఉపాధ్యక్షులు. ఆయన దేశం నలుమూలల నుండి యువ అధ్యాపకులను ఏరి తెచ్చినారు. వారిలో ఒకరు బెంగాలుకు చెందిన హుమాయూన్ కబీర్. ఆక్స్‌ఫర్డులో చదువు ముగించి వచ్చిన ఆ ముస్లిం యువకుడు 1930ల తొలినాళ్లలో కొద్దికాలం వాల్తేరులో తత్త్వశాస్త్రం బోధించినారు. స్వతంత్ర భారతంలో కేంద్ర మంత్రి అయినారు. హీరేంద్రనాథ్ ముఖర్జీ వంటి మరొక వంగ యువకుడు చరిత్ర, రాజనీతి చెప్పినారు. ఉపాధ్యక్షుని భావాలకూ ఈ యువకుల భావాలకూ అన్ని విషయాలలో పొత్తు కుదిరినదని చెప్పలేము. ముఖర్జీ గారు తరువాతి కాలంలో కమ్యూనిస్టు పార్లమెంటు సభ్యులుగా ప్రసిద్ధులైనారు కదా! భావభేదం ఉన్నవానికి కూడా తొలి అవకాశం ఇవ్వగలగడమే పెద్దరికం.

ఇవి వెలుగు పుటలు. చీకటి పుటలు కూడా ఉన్నవి. కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివి వచ్చిన భీమరావ్ అంబేడ్కర్ గారు 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కళాశాలలో రాజకీయ అర్థశాస్త్ర ఆచార్యులైనారు. అధ్యాపకుల గదిలోని మంచినీళ్ల కూజాను ఆయన ముట్టడానికి తోటి ఆచార్యులలో కొందరు అభ్యంతరం చెప్పినారు. ఆయన బోధన వినడానికి విద్యార్థులకు లేని అభ్యంతరం, ఆయనతో నీరు పంచుకోవడానికి సహోద్యోగులకు కలిగినది. సముద్రాలకావల అమెరికాలోనూ ఇదే కథ. 1895లో హార్వర్డు నుండి డాక్టరేటు పొందిన తొలి నల్లజాతీయుడు డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్. మరుసటి సంవత్సరం పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం ఆయనను పిలిచి ఫిలడెల్ఫియాలోని నల్లవారి జీవితంపై పరిశోధన చేయించుకొన్నది గాని, అధ్యాపకవర్గంలో సమానమైన స్థానం ఇవ్వలేదు. 1899లో వెలువడిన ఆ పరిశోధన సమాజశాస్త్రంలో నేటికీ గౌరవం పొందుతున్నది. పని కావాలి, మనిషి వద్దు! రంగు పేరిట అక్కడ, కులమతాల పేరిట ఇక్కడ, విద్యాలయం అనుసరించిన నీతి ఒక్కటే.

‘అవన్నీ పాత సంగతులు. నేడు రిజర్వేషన్లు ఉన్నవి కదా’ అని కొందరనవచ్చు. రిజర్వేషను తలుపు తెరిచిన మాట నిజం. ఆ తలుపు కోసమే నేటికీ పోరాటం ఆగలేదు. అధ్యాపక పోస్టుల రిజర్వేషనుకు విశ్వవిద్యాలయం మొత్తాన్ని ప్రమాణంగా తీసుకోవాలా, ఒక్కొక్క శాఖను విడిగా తీసుకోవాలా అనే వివాదం న్యాయస్థానాల దాకా పోయినది. 2019లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేస్తేగాని కేంద్రీయ విద్యాసంస్థలలో అది తేలలేదు. ఇంత జరిగినా లెక్కలు ఎట్లున్నవో చూడండి. 2020-21 నాటి అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం దేశంలో ఉన్నత విద్యాబోధకులు సుమారు 15.5 లక్షల మంది. వారిలో షెడ్యూల్డు కులాలవారు 9.1 శాతం, షెడ్యూల్డు తెగలవారు 2.5 శాతం, ముస్లిములు 5.6 శాతం. 2011 జనాభా లెక్కలలో వీరి వాటాలు వరుసగా 16.6, 8.6, 14.2 శాతం. అనగా గిరిజన అధ్యాపకుల వాటా జనాభాలో వారి వాటాలో మూడవ వంతైనా లేదు.

ఈ అంకెలలో మన చర్చకు అత్యవసరమైన సత్యం ఒకటి దాగి ఉన్నది. ‘వారి పిల్లలకు వారి పెద్దలే దారి చూపుకొంటారు’ అనే మాట ఇక్కడ చెల్లదు. నూటికి ఇద్దరు ముగ్గురు మాత్రమే ఉన్నచోట పెద్దలు ఎక్కడ నుండి వస్తారు? కాబట్టి కొత్తగా వచ్చినవానికి దొరికే మార్గదర్శి చాలాసార్లు వేరొక కులం వాడు, వేరొక మతం వాడు కాక తప్పదు. అందుచేతనే ఆ బంధం ఎట్లుండవలెను అనే ప్రశ్నకు ఇంత ప్రాధాన్యం. అది దయగా మారితే చిన్నవాడు జీవితాంతం తలవంచి ఉండాలి. అది బాధ్యతగా నిలిస్తే ఇద్దరూ తలెత్తుకొని ఉండగలరు.

మార్గదర్శి లేకపోవడం వలన కలిగే నష్టం ఎంత దూరం పోగలదో మన తెలుగునేల చూసినది. 2008లో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సెంథిల్ కుమార్ అనే దళిత పరిశోధక విద్యార్థి మరణించినప్పుడు, భౌతికశాస్త్రంలో పరిశోధనకు చేరిన ఆ యువకునికి పర్యవేక్షకుని కేటాయింపే జరగలేదన్న సంగతి బయటపడినది. 2016 జనవరిలో అదే ప్రాంగణంలో రోహిత్ వేముల మరణం దేశాన్ని కదిలించినది. ఒక్కొక్క మరణానికి కారణాలు అనేకం కావచ్చు. ఒకే మాటతో తేల్చివేయడం న్యాయం కాదు. కాని రేపటి అధ్యాపకులు కావలసినవారు వారు. పరిశోధనాగారంలో ఒంటరియైనవాడు అధ్యాపకుల గది దాకా రానే రాడు.

ఇక నా అనుభవం చెబుతాను. ఇది ఎవరి మీదా ఫిర్యాదు కాదు. నేను చరిత్ర అధ్యాపకునిగా తొలుత చేరిన కళాశాలలో నన్ను ఎవరూ అవమానించలేదు. పలకరించినారు, టీ ఇప్పించినారు, రంజాను మాసంలో హలీం గురించి ప్రేమగా అడిగినారు. కాని పరిశోధన నిధులకు దరఖాస్తు చేసే గడువు ముగిసినదని నాకు తెలిసినది గడువు ముగిసిన మరునాడు. అది రహస్యంగా ఉంచినది కాదు. సాయంత్రం నలుగురు కలిసి నడిచే దారిలో మాటల మధ్య దొర్లిన సంగతి. ఆ నడకలో నేను లేను. తోటి మహిళా అధ్యాపకులు అసలే లేరు. సమాచారం టీ కొట్టు దగ్గర, నడక దారిలో, పెళ్లి పందిళ్లలో తిరుగుతుంటే, అక్కడ లేనివారికి అందకపోవడానికి ఎవరి కుట్రా అవసరం లేదు.

రెండవ అనుభవం మరింత సూక్ష్మమైనది. ఉర్దూ దినోత్సవం వస్తే బాధ్యత నాది. మైనారిటీ విద్యార్థుల ఉపకార వేతనాల కాగితాలు నావి. ముస్లిం విద్యార్థి ఎవరితోనైనా పేచీ పడితే సర్దవలసినది నేను. నా పక్కనున్న దళిత అధ్యాపకునికి అంబేడ్కర్ జయంతి, హాస్టలు విద్యార్థుల బాధలు. మేము ఈ పనులను ప్రేమతోనే చేసినాము. మా పిల్లలకు మేము గాక ఎవరు చేస్తారు? కాని పరీక్షల సంఘంలో, గ్రంథాలయ సంఘంలో, పరిశోధనా సంఘంలో మాకు చోటు రాలేదు. పదోన్నతి వేళ లెక్కకు వచ్చినవి ఆ సంఘాలే. మా సేవకు చప్పట్లు దక్కినవి, మార్కులు దక్కలేదు.

ఇట్టి రోజులలో నాకు ఒక తండేలు దొరికినారు. వేరొక కళాశాలలో చరిత్ర చెప్పి పదవీ విరమణకు చేరువైన పెద్దలు. మా కులమతాలకు, మా ఊరికి ఏ సంబంధమూ లేనివారు. కళింగపట్నం రేవుపై నేను వ్రాసిన తొలి వ్యాసం ఆయనకు చూపించినాను. మూడు వారాలకు తిరిగి వచ్చినది, పుట పుటకూ ఎర్ర సిరాతో. నా ముఖం చిన్నబోయినది. ఆయన నవ్వి, “బాబూ! బాగున్నదని చెప్పి పంపితే నాకు ఒక నిమిషం పని. మీరు చరిత్రకారులు కావలసినవారు గనుక మూడు వారాలు కూర్చున్నాను” అన్నారు. ఉర్దూలో ఇస్లాహ్ అంటే ఏమిటో నాకు ఆనాడు తెలుగులో అర్థమైనది. తప్పు చూపకుండా మెచ్చుకోవడం కూడా ఒక విధమైన అంటరానితనమే. ‘వీరి నుండి ఇంతకంటె ఆశించలేము’ అనే భావం ఆ మెప్పులో దాగి ఉంటుంది. మరొక సంగతి. రెండవసారి ఆయన సవరణలలో ఒకదానితో నేను ఏకీభవించలేదు. ఆధారాలు చూపినాను. ఆయన చదివి, “మీ మాటే సరి మాస్టారూ” అన్నారు. నన్ను మాస్టారూ అని ఆయన పిలిచినది అదే మొదటిసారి.

ఇంత పొందినవాడనై నేను చేసినదేమిటి? చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా చెప్పక తప్పదు. కొన్నేళ్ల తరువాత సీతంపేట మన్యం నుండి ఒక సవర యువతి మా శాఖకు అతిథి అధ్యాపకురాలిగా వచ్చినది. గంటల లెక్కన వేతనం. ఒకనాడు నా బల్ల దగ్గరకు వచ్చి, “మాస్టారూ, పిహెచ్.డి.కి ఎవర్ని కలవమంటారు?” అని అడిగినది. నేను పరీక్షా పత్రాలు దిద్దుతున్నాను. తలెత్తకుండానే, “వెబ్‌సైటులో అన్నీ ఉంటాయమ్మా, చూడు” అన్నాను. అబద్ధం చెప్పలేదు, నిజంగానే అన్నీ అక్కడ ఉన్నవి. దీపస్తంభం కూడా అబద్ధం చెప్పదు. ఆ అమ్మాయి మళ్లీ అడగలేదు. మరుసటి సంవత్సరం తిరిగి రాలేదు. నాకు మూడు వారాలు ఇచ్చిన పెద్దలు గుర్తుకు వచ్చినారు. నేను మూడు నిమిషాలు ఇవ్వలేదు. అన్యాయానికి గురియైనవాడు తనంతట తానే న్యాయవంతుడు అవుతాడనుకోవడం భ్రమ అని ఆనాడు తెలుసుకొన్నాను. అందుకే ఈ విషయాన్ని మంచి మనసులకు వదలివేయడం నాకు సమ్మతం కాదు. ఏర్పాటు ఉండాలి.

ఏర్పాటు అనగానే ఏదో పాశ్చాత్యుల పద్ధతి అనుకోనక్కరలేదు. మా ఊరికి ఎగువన వంశధార ఒడ్డునే శాలిహుండం కొండ ఉన్నది. ప్రాచీన బౌద్ధ స్థూపాలు, విహారాలు అక్కడ బయల్పడినవి. బౌద్ధుల వినయ నియమాల ప్రకారం కొత్తగా సంఘంలో చేరిన భిక్షువు కనీసం అయిదేళ్లు ఒక ఆచార్యుని అండలో ఉండాలి. అందులో విశేషమేమంటే, శిష్యుడు గురువుకు చేయవలసిన పనులతో పాటు గురువు శిష్యునికి చేయవలసిన పనులు కూడా నియమాలుగా ఉన్నవి. బోధించాలి, పాత్ర, వస్త్రం సమకూర్చాలి, జబ్బు చేస్తే దగ్గర కూర్చొని సేవ చేయాలి. గురువుకు పెడబుద్ధి కలిగినచో శిష్యుడు దానిని పోగొట్టడానికి ప్రయత్నించాలి! రెండు వైపులా కర్తవ్యం, రెండు వైపులా దిద్దుబాటు. ఇది మన నేలకు తెలియని ధర్మం కాదు.

ఆ శాలిహుండాన్ని 1919లో లోకానికి తెలియజేసినవారు గిడుగు రామమూర్తి గారు. శ్రీముఖలింగం సమీపాన పర్వతాలపేటలో 1863లో జన్మించి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైన ఆ మహనీయుడు సవరల చదువుకు పూనుకొన్న తీరు గమనింపదగినది. తెలుగు, సవర రెండూ తెలిసిన ఒక వ్యక్తిని ఇంటనే ఉంచుకొని ముందుగా తానే సవర భాష నేర్చుకొన్నారు. అనగా నేర్పడానికి ముందు శిష్యుడైనారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే తనకు వద్దని, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టమని కోరినారు. 1931లో ఆయన సవర భాషా గ్రంథం అచ్చయినది. పెద్దవాడు చిన్నవాని నుండి నేర్చుకోవలసినది ఉన్నదని అంగీకరించినప్పుడే మార్గదర్శకత్వంలో సమత పుడుతుంది. సవర యువతి నా శాఖలో ఉన్న సంవత్సరంలో, మన్యపు చరిత్ర గురించి నేను ఆమెను అడిగి తెలుసుకోగలిగినది ఎంతో ఉండేది. ఒక్క ప్రశ్న అడగలేదు. నష్టపోయినది ఆమె ఒక్కరే కాదు.

ఇటీవలి ప్రభుత్వ విధానాలలోనూ ఈ భావానికి చోటు లేకపోలేదు. 2020 జాతీయ విద్యావిధానం సీనియర్, విశ్రాంత అధ్యాపకుల చేత కళాశాల అధ్యాపకులకు మార్గదర్శకత్వం కల్పించే జాతీయ కార్యక్రమాన్ని ప్రతిపాదించినది. 2019లో విజయనగరంలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఆరంభమైనప్పుడు దానికి మార్గదర్శక సంస్థగా ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నిలిచినది. ఒక సంస్థకే తొలినాళ్లలో చేయూత అవసరమని అంగీకరించినప్పుడు, ఒక మనిషికి అవసరమంటే చిన్నతనమెందుకు?

కావున ప్రతి కళాశాలా తన పరిధిలోనే, పైనుండి ఉత్తర్వు కోసం వేచి ఉండకుండా, ఈ క్రింది పనులు చేయవచ్చునని నా మనవి. మొదటిది: కొత్త అధ్యాపకుడు చేరిన నెలలోపుగా ఇద్దరు మార్గదర్శులను కేటాయించాలి. ఒకరు తన శాఖ నుండి, మరొకరు వేరొక శాఖ నుండి. ఆతని పనితీరుపై నివేదిక వ్రాసే అధికారి ఆ ఇద్దరిలో ఉండరాదు. తన లోపం చెప్పుకొన్నచోటే తనకు మార్కులు పడతాయని భయపడేవాడు నోరు విప్పడు. రెండవది: అతిథి, కాంట్రాక్టు అధ్యాపకులను ఇందులో తప్పక చేర్చాలి. ఎక్కువ ఆసరా కావలసినది తక్కువ భద్రత ఉన్నవారికే. మూడవది: మార్గదర్శి వెచ్చించిన కాలాన్ని పనిభారంలో లెక్కించాలి. లేనిచో ఈ భారం మళ్లీ ఉన్న ఒకరిద్దరు దళిత, మైనారిటీ అధ్యాపకుల భుజాల మీదనే పడుతుంది. నాలుగవది: ఏటా ఏ సంఘం ఎవరికి అప్పగించినారో అధ్యాపకుల సమావేశంలో బహిరంగంగా చదవాలి. జయంతులు కొందరికి, నిర్ణయాలు కొందరికి అనే పంపకం ఉన్నచో అందరికీ కనబడుతుంది. అయిదవది: మార్గదర్శి నచ్చకపోతే కారణం చెప్పనక్కరలేకుండా మార్చుకొనే స్వేచ్ఛ చిన్నవానికి ఉండాలి.

దీనికి అభ్యంతరాలు రాకపోవు. ‘గురుశిష్య సంబంధం మనసులో పుట్టవలెను గాని ఉత్తర్వుతో పుడుతుందా?’ అని అడుగుతారు. పుట్టదు, నిజమే. కాని పరిచయం ఉత్తర్వుతో కలుగుతుంది. పరిచయం లేనిచోట మనసు ఎక్కడ కలుస్తుంది? ‘ఇందువల్ల కులభేదాలు మరింత గుర్తుకు వస్తాయి’ అని మరికొందరంటారు. ఈ ఏర్పాటు కులాన్ని అడగదు. చేరిన ప్రతివానికీ వర్తిస్తుంది. ఇంతవరకు కొందరికి ఇంటనే దొరికినదానిని అందరికీ కళాశాలలో దొరికేటట్లు చేస్తుంది, అంతే. ‘పెద్దల గౌరవం తగ్గుతుంది’ అనేవారికి నా సమాధానం ఒక్కటే. “మీ మాటే సరి మాస్టారూ” అన్న రోజున ఆ పెద్దల మీద నా గౌరవం తగ్గలేదు. ఈ వ్యాసం వ్రాస్తున్న నేటికీ పెరుగుతూనే ఉన్నది.

విద్యార్థి మిత్రులారా! ఈ సంచికను చదువుతున్న మీలో రేపు అధ్యాపకులు కాగలవారు అనేకులు. మీలో ఎందరో మీ ఇంట తొలిసారి పట్టా పుచ్చుకోబోతున్నారు. తెలియని సంగతిని అడగడానికి సిగ్గుపడకండి. ఒకరు తలెత్తి చూడకపోతే మరొకరిని అడగండి. సహాధ్యాపకులారా! వచ్చే సంవత్సరం మన గదిలోకి కొత్త ముఖం ఒకటి వస్తుంది. నియమాల పుస్తకం ఆ చేతిలో పెట్టి మన పని అయినదనుకోవద్దు. దీపస్తంభం ఒడ్డునే ఉండిపోతుంది. మనం పడవలోకి దిగాలి. ఈ మాట ముందుగా నాకు నేను చెప్పుకొంటున్నాను. సీతంపేట నుండి వచ్చిన ఆ సోదరి ఎక్కడ ఉన్నా ఈ పుటలు ఆమె కంటపడితే, ఆనాటి ప్రశ్నకు జవాబు చెప్పడానికి నేను ఇంకా బాకీపడి ఉన్నానని గ్రహించాలని నా కోరిక.